వైరస్ రోగుల కాళ్ల ధమనుల్లో రక్తపు గడ్డలు – తొలి గంటలే కీలకం

ఊపిరితిత్తుల వ్యాధిగా ప్రపంచానికి పరిచయమైన కోవిడ్-19, రక్తనాళాలను కూడా తీవ్రంగా దెబ్బతీయగలదని 2020 తొలి నెలల్లోనే వైద్యులు గుర్తించారు. కాళ్లకు రక్తాన్ని చేరవేసే ధమనుల్లో హఠాత్తుగా గడ్డలు ఏర్పడి కొందరు రోగులు కాలును, మరికొందరు ప్రాణాలను కోల్పోయారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కోవిడ్ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ముగిసినట్లు ప్రకటించింది. అయినా వైరస్ వ్యాప్తిలోనే ఉన్నందున, ఆనాటి అనుభవం నేటికీ ప్రాధాన్యం కలిగినదే.

గణాంకాలు తెలిపే వాస్తవం

ఇటలీలోని లొంబార్డీ ప్రాంతంలో జరిగిన అధ్యయనం ప్రకారం, 2019 జనవరి-మార్చి మాసాల్లో 163 మంది రక్తనాళ రోగుల్లో ముగ్గురికి మాత్రమే కాలికి హఠాత్తుగా రక్తప్రసరణ నిలిచిపోయింది. 2020లో అదే కాలంలో 141 మందిలో 23 మందికి ఈ స్థితి ఏర్పడింది. అక్కడ పరిశీలించిన 20 మంది కోవిడ్ రోగుల్లో 17 మందికి రక్తప్రసరణ పునరుద్ధరణకు చికిత్స చేయగా 12 మందిలో ఫలించింది. మొత్తం 8 మంది మరణించారు.

న్యూయార్క్‌లో కాళ్లకు సి.టి. పరీక్ష చేయించుకున్న 16 మంది కోవిడ్ రోగులందరి ధమనుల్లోనూ గడ్డలు కనిపించాయి. వీరిలో 25 శాతం మంది కాలు కోల్పోయారు. కోవిడ్ లేని 32 మందిలో ఇది 3 శాతమే. అయితే వీరంతా కాళ్లలో రక్తప్రసరణ లోపం లక్షణాలతో పరీక్షకు వచ్చినవారు. కనుక కోవిడ్ సోకిన ప్రతివారికీ గడ్డలు ఏర్పడతాయని భావించరాదు.

కారణాలు

వైరస్ వల్ల రక్తనాళాల లోపలి పొర వాపునకు గురై, రక్తం గడ్డకట్టకుండా కాపాడే సహజగుణాన్ని కోల్పోతుంది. దానికి తోడు శరీరంలో చెలరేగే తీవ్ర ప్రతిచర్య రక్తంలో గడ్డకట్టే స్వభావాన్ని పెంచుతుంది. మధుమేహం, ధూమపానం వంటివి ముప్పును అధికం చేస్తాయి.

గుర్తించవలసిన లక్షణాలు

సిరలో గడ్డ ఏర్పడితే కాలు సాధారణంగా వాచి వెచ్చబడుతుంది. ధమని మూసుకుపోతే కాలు పాలిపోయి చల్లబడుతుంది. తీవ్రమైన నొప్పి, తిమ్మిరి కలుగుతాయి. పాదంలో నాడి అందదు. చివరకు కదలిక నశిస్తుంది. రక్తం పూర్తిగా నిలిచిపోయిన కండరాలకు సుమారు ఆరు గంటల్లో కోలుకోలేని నష్టం సంభవించవచ్చు. ఆయాసంపైనే దృష్టి నిలిచే వార్డులో, స్పృహ సరిగాలేని రోగి నొప్పిని చెప్పలేని స్థితిలో, ఈ వ్యవధి తెలియకుండానే గడిచిపోయే ప్రమాదముంది. రోజూ పాదాలను తాకి నాడిని పరీక్షించడానికి ఖరీదైన పరికరమేదీ అవసరం లేదు.

నివారణ, చికిత్స

ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగులకు గడ్డల నివారణకై తక్కువ మోతాదులో రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 జనవరిలో సూచించింది. బ్రిటన్‌లో సుమారు 15 వేల మందిపై జరిగిన పరీక్షలో ఆస్పిరిన్ మరణాలను తగ్గించలేదని అదే సంవత్సరం వెల్లడైంది. ఈ మందుల వల్ల రక్తస్రావం జరిగే అవకాశమున్నందున వైద్యుల సలహా లేకుండా వాడరాదు. గడ్డ ఏర్పడినపుడు హెపారిన్ ఇచ్చి, అవసరాన్నిబట్టి శస్త్రచికిత్సతో దానిని తొలగిస్తారు.

జ్వరం తగ్గిన తరువాత కూడా కొన్ని వారాలపాటు ముప్పు కొనసాగవచ్చు. ఇంటికి పంపే రోగికి మందుల చీటీతో పాటు ఈ లక్షణాలను వివరించడం, కాలు హఠాత్తుగా చల్లబడితే తెల్లవారే వరకు వేచి ఉండక 108 వాహనంలో రక్తనాళ చికిత్స లభించే ఆసుపత్రికి చేర్చడం ద్వారా ఎన్నో కాళ్లను, ప్రాణాలను కాపాడవచ్చు.