2898 దాకా ఎందుకు?

సై-ఫై సినిమా అనగానే మనకి ముందు గ్రాఫిక్సే గుర్తొస్తాయి. 'కల్కి'లో బుజ్జి బండి హాలీవుడ్ రేంజ్‌లో ఉందా లేదా అని హాస్టల్‌లో గంటలు గంటలు వాదిస్తాం. నన్నడిగితే చూడాల్సింది అది కాదు. కథ ఏ కాలంలో జరిగినా, అందులో భయం మాత్రం సినిమా తీసిన కాలానిదే.

1991లో వచ్చిన సింగీతం శ్రీనివాసరావు గారి 'ఆదిత్య 369' చూడండి. టైమ్ మెషిన్‌లో బాలకృష్ణ 2504కి వెళ్తే, అణుయుద్ధం అయిపోయి జనం భూమి లోపల బతుకుతుంటారు. అమెరికా, రష్యా బాంబుల భయం ఇంకా పోని రోజులవి. 2024లో నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ'కి వచ్చేసరికి భయం మారింది. కాశీలో నీళ్లకి కరువు. ఉన్నదంతా పైనున్న కాంప్లెక్స్‌లోనే.

మా ఐరాల వైపు వాళ్లకి ఇది ఫిక్షన్ అనిపించదబ్బా! బోరు ఎన్ని అడుగులు దించాలి, దించినా నీళ్లు పడతాయా అనే టెన్షన్ ఇక్కడి రైతుకి ఇప్పుడే ఉంది.

అందుకే, మనలో ఎవరైనా సై-ఫై కథ రాయాలనుకుంటే మార్స్ దాకా పోనక్కర్లేదు. ఎండిన బోరు దగ్గర మొదలుపెట్టండి. గ్రాఫిక్స్ సంగతి తర్వాత చూద్దాం.