నేల కోసం పేరు మార్చారు

కరీబియన్ దీవి సెయింట్ విన్సెంట్ ఏటా మార్చి 14న జోసెఫ్ చాటోయర్‌ను తలచుకుంటుంది. 1795లో ఆ రోజునే డోర్సెట్‌షైర్ కొండ మీద బ్రిటిష్ సేనతో పోరాడుతూ ఆయన నేలకొరిగాడు. 2002లో ఆ దేశం ఆయనను తొలి జాతీయ వీరుడిగా ప్రకటించింది. ఆయన జాతివారైన గరిఫునాల్లో అత్యధికులు మాత్రం ఇవాళ అక్కడ లేరు. హోండురాస్, బెలీజ్, గ్వాటెమాలా, నికరాగ్వా తీరాల్లో ఉన్నారు. వారిని సొంత నేలకు దూరం చేసినది ఫిరంగులు మాత్రమే కాదు, ఒక పేరు కూడా.

సెయింట్ విన్సెంట్ మొదట కలినాగోలనే స్థానిక జాతి దీవి. యూరోపియన్లు వారిని కరీబులనేవారు. 17వ శతాబ్దంలో ఓడలు పగిలి ఒడ్డుకు చేరిన ఆఫ్రికన్లు, చుట్టుపక్కల చెరకు తోటల నుంచి తప్పించుకొచ్చిన బానిసలు వారిలో కలిశారు. కలినాగోల మాటే అందరి మాట అయింది. అలా గరిఫునాలు ఒక జాతిగా రూపుదిద్దుకున్నారు.

1763 పారిస్ సంధితో ఫ్రాన్స్ ఈ దీవిని బ్రిటన్‌కు వదిలేసింది. అక్కడి మనుషులను ఎవరూ అడగలేదు. తూర్పు తీరపు సారవంతమైన భూముల మీద చెరకు వ్యాపారుల కన్ను పడింది. 1769లో భూమి కొలవడానికి వచ్చినవారిని గరిఫునాలు అడ్డుకున్నారు. 1772లో యుద్ధం మొదలైంది. వారిని లొంగదీయలేక 1773లో బ్రిటన్ ఒప్పందానికి దిగి, ఉత్తర భాగాన్ని వారిదిగా ఒప్పుకుంది.

తోటల యజమానుల ఆశ మాత్రం చావలేదు. వారు గరిఫునాలను ‘నల్ల కరీబులు’ అన్నారు. అసలు కరీబుల నేలను ఆక్రమించిన పరాయివాళ్లని వాదించారు. స్థానికులు కాకపోతే భూమిపై హక్కే ఉండదన్నది అందులోని ఎత్తుగడ. సముద్రం దాటి నిన్నగాక మొన్న వచ్చినవారు, తరాలుగా అక్కడే పుట్టి పెరిగినవారిని పరాయివాళ్లన్నారు!

1795లో గ్వాడెలూప్‌లోని ఫ్రెంచ్ విప్లవ ప్రతినిధి విక్టర్ హ్యూగ్స్ అండతో చాటోయర్, ఆయన సోదరుడు డువాల్ తిరగబడ్డారు. చాటోయర్ పడిపోయాక కూడా పోరు ఏడాదికి పైగా సాగింది. 1796లో జనరల్ అబర్‌క్రాంబీ పెద్ద సైన్యంతో దిగాక బ్రిటిష్‌వారు ఇళ్లు, పడవలు, పంటలు తగలబెట్టారు. పట్టుబడిన వేలమందిని బాలిసో అనే చిన్న దీవిలో నిర్బంధించారు. కొన్ని నెలల్లోనే రోగాలతో సుమారు సగంమంది చనిపోయారు. చర్మం రంగు పలచగా ఉన్న కొద్దిమందిని వేరుచేసి వెనక్కి పంపారు. తోటల యజమానులు పెట్టిన పేరే అక్కడ శిక్షకు కొలబద్ద అయింది. మిగిలినవారిని ఓడలెక్కించి దీవి నుంచి తరిమేశారు. 1797 ఏప్రిల్ 12న హోండురాస్ దగ్గరి రోటాన్ దీవిలో దిగినవారు దాదాపు 2,000 మంది.

ఓడిపోయినా వారు చెదిరిపోలేదు. కర్రపెండలంతో చేసే ఎరెబా రొట్టె, డప్పు, పూర్వీకుల క్రతువులు, భాష వారి వెంట నడిచాయి. బెలీజ్‌లో నవంబర్ 19 వారు తీరం చేరిన రోజుగా జాతీయ సెలవు. వారి భాష, నృత్యం, సంగీతాలను యునెస్కో 2001లో మానవాళి వారసత్వ కళాఖండంగా ప్రకటించింది.

నేల తగవు మాత్రం తీరలేదు. ట్రియున్ఫో దె లా క్రుస్, పుంతా పియెద్రా అనే గరిఫునా గ్రామాల ఉమ్మడి భూమి హక్కును హోండురాస్ ఉల్లంఘించిందని 2015లో అంతర్ అమెరికా మానవహక్కుల న్యాయస్థానం తీర్పు చెప్పింది. పాటను పొగిడి, పాడేవాడి కాళ్ల కింది నేలను వదిలేస్తే అది గౌరవం కాదు. చాటోయర్ ప్రాణమిచ్చింది ఆ నేల కోసమే.