పురుగులు లేవా? అయితే కంగారు పడాల్సిందే!

బియ్యం చేటలో పోసుకోగానే మనం ముందు వెతికేది పురుగుల కోసమే కదా! ఒక్కటి కనబడిందంటే ఆ పూటంతా హడావుడే. కానీ పురుగులు కనబడలేదని కంగారుపడే వాళ్ళూ ఉన్నారంటే నమ్ముతారా? ఉన్నారండీ, ఇంగ్లండులో.

అక్కడ గాలం వేసి చేపలు పట్టే సరదా ఉన్నవాళ్ళు 2007 నుంచి దేశమంతటా ఓ పని పెట్టుకున్నారు. జీతం లేదు, బత్తెం లేదు. నెలకోసారి పొడుగు బూట్లు తొడుక్కుని ఏట్లో దిగుతారు. మూడు నిమిషాలపాటు అడుగునున్న గులకరాళ్ళను కాలితో కదుపుతారు. వలలోకి కొట్టుకొచ్చిన పురుగులను తెల్లటి ట్రేలో పోసి, ఎనిమిది రకాలను లెక్కపెడతారు. లెక్క బాగా తగ్గిందా, వెంటనే పర్యావరణ శాఖకు కబురు!

పురుగులనే ఎందుకు లెక్కపెట్టాలంటారా? దోమపిల్లలు పైకొచ్చి గాలి పీలుస్తాయి గనక మురికి నీళ్ళలోనూ బతికేస్తాయి. మేఫ్లై అనే పురుగు పిల్లలు అలా కాదు. నీళ్ళలో కరిగిన ప్రాణవాయువునే మొప్పలతో పీలుస్తాయి. నీరు చెడితే ముందు పోయేవి అవే. పైగా సీసాలో పట్టిన నీళ్ళు ఆ పూట సంగతే చెబుతాయి. నెలల తరబడి అక్కడే ఉండే పురుగు, నిన్నమొన్నటి సంగతీ చెబుతుంది.

2013 జూలైలో కెన్నెట్ అనే ఏట్లో దిగినవాళ్ళ ట్రేలో పురుగులు దాదాపు లేవు. నీళ్ళు మాత్రం చూడ్డానికి ఎప్పటిలాగే ఉన్నాయి. ఆరా తీస్తే క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు బయటపడింది. మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రం దాటుకుని మరీ ఏట్లోకి వచ్చింది. దాదాపు 15 కిలోమీటర్ల మేర పురుగులూ, చిన్న రొయ్యలూ నాశనమయ్యాయి. దానికి ఏ సింకులోనో ఒంపిన రెండు టీ స్పూన్ల మందు చాలునని అంచనా. రెండంటే రెండే!

ఇది చదివాక నా గుండె ఝల్లుమంది. మన దగ్గర చెదలకు వాడే మందుల్లో ఇదీ ఒకటి మరి. మిగిలిన మందు సింకులో పోసి, పైన రెండు చెంబుల నీళ్ళు కుమ్మరించి, 'హమ్మయ్య, శుభ్రం' అనుకున్నదాన్నే నేనూ. మా వీధి కాలువ చెరువులోకే పోతుందని ఆ రోజు తట్టనేలేదు.

అందుకే మీకు చెప్పొచ్చేదేమంటే:

* మందు ఎంత కావాలో అంతే కొనండి, అంతే కలపండి.

* మిగిలినది సింకులో, దొడ్లో, కాలువలో ఒంపొద్దు. అదే సీసాలో మూత బిగించి, పిల్లలకు అందకుండా దాచండి. చెదల మందు కొట్టడానికి వచ్చినవాళ్ళనైతే మిగిలింది పట్టుకుపొమ్మనండి.

* ఖాళీ సీసాను కడిగి వంటింట్లో వాడుకోవద్దు. ప్రమాదకరమైన చెత్తను విడిగా తీసుకునే చోట, మునిసిపాలిటీ వాళ్ళకే ఇవ్వండి.

బియ్యంలో పురుగును ఏరిపారేయండి, కాదనను. ఏట్లో పురుగును మాత్రం చల్లగా బతకనివ్వండి. అది బతికితేనే మన నీళ్ళు బాగున్నట్టు!