గొట్టం లావైతే బండికి బలమొస్తుందా?

సావనీరు అంటే కవితలూ, కథలూ, పెద్దల సందేశాలూ ఉంటాయి. వాటి మధ్య నేను బండి పొగగొట్టం గురించి రాస్తున్నాను. నవ్వకండి. విజయనగరం మూడు లాంతర్ల దగ్గరో, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనో ఓ సాయంత్రం అరగంట నిలబడి చూసినవారు ఇది చిన్న విషయమని అనరు.

మన కుర్రాళ్లలో ఒక గట్టి నమ్మకం ఉంది. గొట్టం ఎంత లావైతే బండికి అంత బలమని. సెకండ్ హ్యాండులో ఓ పాత మారుతీ 800 చేతికొస్తే చాలు, ముందు బ్రేకులు చూపించరు, టైర్లు చూడరు. వెనకాల రెండున్నర అంగుళాల గొట్టం తగిలిస్తారు. "సౌండేటి గురూ, అదిరిపోనాది!" అని నలుగురూ అంటే డబ్బు గిట్టినట్టే. ఆ డబ్బు ఎవరిదంటారా? ఎక్కువ సార్లు నాన్నగారిది.

ఈ నమ్మకం తప్పని నా వాదన. దానికి పెద్ద ఇంజనీరింగు పుస్తకాలు అక్కర్లేదు. మన అమ్మమ్మల కట్టెల పొయ్యి చాలు. ఊదుగొట్టం సన్నగా ఎందుకుంటుంది? మన ఊపిరి అంతే అయినా సన్నని గొట్టంలో గాలి జోరుగా పోతుంది కాబట్టి నిప్పు రాజుకుంటుంది. చెయ్యి పట్టేంత లావు వెదురుబొంగుతో ఊదండి చూద్దాం, బూడిద కూడా కదలదు.

ఇప్పుడు లెక్క చూడండి. మారుతీ 800 ఇంజను 796 సి.సి. రెండు చుట్లకోసారి సిలిండర్లు నిండుతాయి. నిమిషానికి 2000 చుట్లు తిరిగితే, సిలిండర్లు పూర్తిగా నిండాయనుకున్నా, నిమిషానికి సుమారు 800 లీటర్ల గాలి పీలుస్తుంది. బయటికొచ్చేటప్పుడు అది వేడెక్కి దాదాపు మూడింతలు ఉబ్బిందనుకుందాం. అంటే సెకనుకి 40 లీటర్లు. లోపలి కొలత ఒకటిన్నర అంగుళాలున్న గొట్టంలో ఆ పొగ సెకనుకి 35 మీటర్ల వేగంతో పోతుంది. రెండున్నర అంగుళాల గొట్టంలో 13 మీటర్లు కూడా దాటదు. కొలత ఒక్క అంగుళమే పెరిగింది, వేగం మాత్రం మూడో వంతుకి పడిపోయింది. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుందని హైస్కూల్లో చదివిన లెక్కే ఇది.

వేగం పోతే ఏమవుతుందంటారా? ఇంజనుని ఆనుకున్న గొట్టాల్లో జోరుగా పోయే పొగ తన వెనకాల మిగిలిన పొగని కూడా లాక్కుపోతుంది. ఆ చోటులోకి కొత్త గాలి, పెట్రోలు బాగా దిగుతాయి. అక్కడ గొట్టం అతి లావైతే ఈ లాగుడు మందగిస్తుంది, తక్కువ స్పీడులో బండి నీరసిస్తుంది. సాలూరు దాటి పి.కోనవలస ఘాటెక్కేటప్పుడు కావలసింది సరిగ్గా ఆ అడుగు బలమే. అక్కడ మోత బండిని కొండెక్కించదు.

కొందరు మెకానిక్కులు ఇదే సంగతిని తల్లకిందులు చేసి "ఇంజనుకి బ్యాక్ ప్రెషర్ కావాలి" అంటుంటారు. నేనొప్పుకోను. పొగకి అడ్డు పడడం ఏ ఇంజనుకీ మేలు కాదు. కావలసింది అడ్డు కాదు, వేగం. మరీ సన్నమైతే ఊపిరాడదు, మరీ లావైతే జోరు తగ్గుతుంది. మంచి కొలత ఈ రెంటి మధ్యా ఉంటుంది.

ఇక అసలు తమాషా ఏమిటంటే, మనవాళ్లు ఇంజను దగ్గర గొట్టాలు ముట్టుకోరు. చివర, బయటికి కనిపించే ముక్క మారుస్తారు. దానివల్ల ఇలాంటి చిన్న కారుకి చెప్పుకోదగ్గ బలం రాదు. వచ్చేది మోత. మోత పెరిగితే వేగం పెరిగినట్టు చెవి మోసపోతుంది. స్టాపు వాచీకి చెవులుండవు కాబట్టి అది మోసపోదు.

టూ స్ట్రోక్ బళ్ల సంగతి మరీ సున్నితం. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైన ఆర్‌ఎక్స్ 100 మీద మోజు ఇంకా చావలేదు. దాని గొట్టం మధ్యలో ఉబ్బి, చివర సన్నబడడం అందానికి కాదు. పొగతోపాటు జారిపోయే పెట్రోలుని, ఆ చివర తగిలి వెనక్కొచ్చే ఒత్తిడి అల మళ్లీ సిలిండరులోకి నెడుతుంది. తూర్పు జర్మనీలో ఎం.జెడ్. కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ 1950లలో ఈ కిటుకుని పదును పెట్టి, చిన్న ఇంజన్లతో పెద్ద రేసులు గెలిపించాడు. అలాంటి గొట్టాన్ని కోసి పారేసి తిన్నని పైపు అతికించడమంటే సన్నాయి విరిచి గొట్టం ఊదడమే. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలుగా సంగీత కళాశాల వెలసిన ఊరు మనది. గొట్టం పొడుగూ లావూ మారితే స్వరం మారుతుందని మనకి వేరే చెప్పాలా?

మరి గొట్టం తుప్పు పట్టింది, మార్చక తప్పదు, ఏం చెయ్యాలి? కంపెనీ ఇచ్చిన కొలతే వేయించండి. వంపుల దగ్గర నొక్కుకుపోకుండా నున్నగా వంచమనండి. అతుకుల్లో లీకులు లేకుండా చూసుకోండి. రేసు ట్రాకు కోసం ఇంజను బలమే నిజంగా పెంచుతున్నారా? అప్పుడు ముందు ఇంజను లెక్క తేల్చి, దాన్నిబట్టి గొట్టం ఎంచండి. టర్బో లేని కారుకి 100 హార్స్‌పవర్ లోపు రెండంగుళాలు ధారాళం.

రోడ్డు మీద తిరిగే బండికి చట్టం కూడా ఉంది. కంపెనీ నిర్దేశాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అలాంటి ఒక్కో మార్పుకీ ఐదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. అతికించడానికి ఖర్చు, విప్పించడానికి జరిమానా, మధ్యలో నాన్నగారి చివాట్లు!

జరిమానా సంగతలా ఉంచండి. కాన్పుల ఆసుపత్రి గోడ పక్కన అర్ధరాత్రి ఆ మోత వెళ్లినప్పుడు లోపల అప్పుడే కళ్లు మూసిన బాలింత ఉలిక్కిపడుతుంది. గుండె జబ్బు మనిషి చెయ్యి ఛాతీ మీదికి పోతుంది. తెల్లారితే పరీక్ష ఉన్న మన హాస్టలు మిత్రుడికీ నిద్ర పోతుంది. వీళ్లెవరూ ఆ బండి ఎక్కలేదు, అయినా దాని ఖరీదులో వాటా కడుతున్నారు.

చదువుకున్నవాళ్లం మనం. గొట్టం కొలత ఇంజనుని అడిగి నిర్ణయిద్దాం, వీధిని అడిగి కాదు. మన తెలివి బండి లాగుడులో తెలియాలి గాని, ఊరి చెవుల్లో హోరెత్తకూడదు.