ఒకే విమానం, రెండు మర్యాదలు

మా నెల్లూరు జిల్లాకి సముద్రం ఉందిగానీ విమానాశ్రయం లేదు. దగదర్తిలో వస్తుందని ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం. కువైట్ వెళ్లాలంటే మాకు దగ్గర దారి చెన్నై. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు పల్లెల నుంచి ఇళ్లలో పనికని వెళ్లే ఆడవాళ్లు ముందు నెల్లూరు చేరి, అక్కణ్ణించి 170 కిలోమీటర్లపైన ప్రయాణం చేసి, అప్పుడు విమానం ఎక్కుతారు. ఆ ఎక్కిన దగ్గర్నుంచి వాళ్లకి దక్కే మర్యాద గురించే ఈవారం నా మాట.

మొన్నామధ్య మా చెల్లెలి పురుడికని నేనూ ఆ దారినే వెళ్లాను. రాత్రి కదలాల్సిన విమానం తెల్లవారి ఏడింటికిగానీ కదల్లేదు. నా పక్కన ముగ్గురు ఇందుకూరుపేట వైపు వాళ్లే కూర్చున్నారు. ఆలస్యం సంగతి మైకులో ఇంగ్లీషు, హిందీ, తమిళాల్లో చెప్పారు. తెలుగు ముక్క ఒక్కటీ లేదు. నేను కౌంటర్ దగ్గరికి వెళ్లి అడిగితే "సారీ మేడమ్" అంటూ టిఫిన్ కూపన్ చేతిలో పెట్టారు. ఆ ముగ్గురిలో ఒకామె వెళ్లి చెయ్యి చాపితే "గో, సిట్" అని కసిరారు. ఆమె తిరిగొచ్చి నెమ్మదిగా, "మాకు ఉండదేమోలే అక్కా, మా టికెట్టు ఏజెంటు తీసిందిగదా" అంది. కసిరినందుకు కూడా ఆమెకి కోపం రాలేదు చూడండి, దానికో కారణం తనే వెతికిపెట్టుకుంది! నేను మళ్లీ వెళ్లి మూడు కూపన్లు అడిగితే, మాటాడకుండా కట్టలోంచి తీసిచ్చారు.

విమానంలోనూ అదే వరస. ఎయిర్‌హోస్టెస్ నా దగ్గర కాస్త వంగి "జ్యూస్ కావాలా మేడమ్" అంటుంది. పక్క సీటామె మంచినీళ్లు అడిగితే వినపడనట్టు పోతుంది. ఆ పిల్లలూ రాత్రంతా నిద్రలేనివాళ్లే, వాళ్లదీ కష్టమైన ఉద్యోగమే, కాదనను. అయితే నాతో నవ్వడానికి ఉన్న ఓపిక పక్క సీటు దాకా ఎందుకు రాదు? కట్టుకున్న చీర చూసా? మాట్లాడే భాష చూసా?

ఏజెంటు కొన్నా, అరబ్బు యజమాని కొన్నా, టికెట్ మీద ఎవరి పేరుంటే హక్కు వాళ్లదే. మన దేశంలో విమాన ప్రయాణికుల కోసం డీజీసీఏ 2010లో నిబంధనలు పెట్టింది. వేళకి వచ్చి చెక్-ఇన్ చేసినవాళ్లకి, ప్రయాణ దూరాన్నిబట్టి రెండు నుంచి నాలుగు గంటలు దాటి ఆలస్యమైతే తిండీ నీళ్లూ ఇవ్వాలి. అది కంపెనీ దయ కాదు. ఈ సంగతి తెలిసినవాళ్లు అడిగి తీసుకుంటారు, తెలియనివాళ్లు పస్తుంటారు.

ఇరాక్ కువైట్ మీద దండెత్తిన 1990 సంవత్సరం గుర్తుందా? అమ్మాన్ నుంచి బొంబాయికి 59 రోజుల్లో 488 ట్రిప్పులు వేసి, లక్షా పదకొండు వేల మందికి పైగా మనవాళ్లని ఎయిరిండియా ఇంటికి చేర్చింది. వాళ్లలో ఇంజనీర్లూ ఉన్నారు, ఇళ్లలో పనిచేసే వాళ్లూ ఉన్నారు. అంత పని చేయగలిగిన చోట, ఒక గ్లాసు నీళ్లు నవ్వుతూ ఇవ్వడం అంత కష్టమా అనిపిస్తుంది నాకు.

గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకి 30 ఏళ్లు నిండాలని ప్రభుత్వం నియమం పెట్టింది. బయల్దేరే ముందు ఒకరోజు శిక్షణ కూడా ఉంది. అందులో ఒక అరగంట విమానాశ్రయంలో ఏం అడగాలో, ఎవరిని అడగాలో చెప్పడానికి కేటాయించవచ్చు. తెలుగువాళ్లు నిండుగా ఎక్కే విమానంలో రెండు తెలుగు మాటలు రికార్డు చేసి పెట్టడానికి కంపెనీకి అయ్యే ఖర్చెంత? రైళ్లలో, బస్టాండుల్లో వినపడే తెలుగు ఆకాశంలోకి వెళ్లేసరికి ఏమైపోతుందో!

ఇక సామాను సంగతి. రెండేళ్లు కష్టపడి పిల్లలకని కొన్నవన్నీ ఆ ఒక్క అట్టపెట్టెలోనే ఉంటాయి. అది పోతే 'మన ఖర్మ' అని ఇంటికి వచ్చేస్తారు చాలామంది. మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 2009లో చేరింది. దాని ప్రకారం పోయిన సామానుకి ఇచ్చే పరిహారం పరిమితి 2024 డిసెంబరు 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్‌లు, అంటే మన లెక్కన లక్షన్నర రూపాయల పైమాటే. అంతా ఇస్తారని కాదు, జరిగిన నష్టాన్నిబట్టి అంతవరకూ అడగొచ్చని. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక కేసు కోసం చెన్నై తిరగక్కర్లేదు, మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు.

మీ వీధి నుంచి ఎవరైనా వెళ్తుంటే ఒక్క మాట చెప్పి పంపండి. సామాను అప్పజెప్పినప్పుడు ఇచ్చే చిన్న చీటీ పారేయవద్దు. పెట్టె రాకపోయినా, చిరిగి వచ్చినా, ఆ హాల్లోంచి బయటికి అడుగుపెట్టకముందే కౌంటర్లో కాగితం రాయించుకోవాలి. చదువు రాకపోతే పక్కనున్నవాళ్లని రాసిపెట్టమని అడగాలి. దెబ్బతిన్న సామానుకైతే 7 రోజుల్లోగా, ఆలస్యంగా అందినదానికైతే 21 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి.