శీతకాలపు గాలిని విడిగా కొలవాలి

ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి అధ్యక్షులకు,

కొండలకూ సముద్రానికీ నడుమనున్న విశాఖ తీరపు మత్స్యకార గ్రామాలలో నైరుతి రుతుపవనాల వానలు ధూళిని కడిగివేస్తాయి. డిసెంబరు, జనవరి రాత్రులలో మాత్రం నేల త్వరగా చల్లబడి, చల్లని గాలిపై వెచ్చని గాలి మూతలా నిలిచే ఉష్ణోగ్రతా విలోమం ఏర్పడినప్పుడు పొగ, బొగ్గు ధూళి పైకి పోలేక నేలబారునే చిక్కుకుంటాయి, నేల నుంచి కడలివైపు వీచే భూపవనం వాటిని గుడిసెల మీదుగానే మోసుకుపోతుంది.

2.5 మైక్రాన్లకు మించని, ఊపిరితిత్తుల లోతుకు చేరే సూక్ష్మకణాలకు దేశీయ వార్షిక ప్రమాణం ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ఏడాది సగటునే చూస్తే వానాకాలపు శుభ్రత శీతకాలపు బాధను కప్పివేస్తుంది, ఇది అన్యాయం. కావున నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ గ్రామాలలోనే గంటగంటకూ కొలతలు తీయించి, వేకువనే వేటకు వెళ్లేవారికి తెలిసేలా తీరాన తెలుగులో ప్రకటించవలసిందిగా మండలికి విన్నపం.