ఆ ఊరి భవిష్యత్తు ఎవరు నిర్ణయిస్తారు?

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో బిజినెస్ ఆట ఆడని వాళ్ళు మనలో తక్కువ. దానికి మూలం అమెరికాలోని మొనోపలీ అనీ, ఆ అట్ట మీది వీధులన్నీ న్యూజెర్సీ రాష్ట్రంలోని అట్లాంటిక్ సిటీ వీధులనీ నాకు చాలా కాలానికి తెలిసింది. ఇంకా ఆలస్యంగా తెలిసిందేమిటంటే, ఆ ఆటను మొదట తయారుచేసింది ఎలిజబెత్ మాగీ అనే స్త్రీ. భూమి కొందరి చేతుల్లో పోగుపడితే అద్దె కట్టేవాళ్ళ గతి ఏమవుతుందో చూపించడానికి ఆమె 1904లో పేటెంటు తీసుకుంది. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ ఆ హక్కులను 500 డాలర్లకు కొనేసింది. పేరూ, డబ్బూ ఒక పురుషుడికి దక్కాయి.

కిందటేడు ఎడిసన్‌లో మా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు ఆ వీధులు చూసి తీరాలని పట్టుబట్టాను. అక్కడి మన తెలుగు కుటుంబాలకు అట్లాంటిక్ సిటీ అంటే ఇండియా నుంచి వచ్చిన అత్తమామలకు సముద్రం చూపించే చోటు. చెక్కలు పరిచిన తీరపు బాట, దీపాల మేడలు, ఫోటోలు. ఆ బాట దిగి రెండు వీధులు లోపలికి నడిస్తే తాకట్టు దుకాణాలు, పాత బంగారం కొంటామనే బోర్డులు, ఇళ్ళు పడగొట్టి ఏమీ కట్టకుండా వదిలేసిన ఖాళీ జాగాలు కనిపిస్తాయి.

1976లో న్యూజెర్సీ ప్రజలు ఓటు వేసి ఈ ఒక్క ఊరికి కాసినోలను అనుమతించారు. 1978లో మొదటిది తెరిచారు. శిథిలమైన ఊరు బాగుపడుతుందనీ, కాసినోల ఆదాయం మీద వేసే 8 శాతం పన్ను వృద్ధులకూ వికలాంగులకూ ఖర్చవుతుందనీ చెప్పారు. ఈ వాదన మనకు కొత్తదేమీ కాదు. సారా ఆదాయం లేకపోతే సంక్షేమ పథకాలు ఎలా నడుస్తాయని 1992లో నెల్లూరు స్త్రీలను అడిగారు. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం 1995లో మద్యనిషేధం పెట్టింది, దాన్నీ 1997 కల్లా ఖజానా పేరు చెప్పి సడలించారు. బలహీనుల పేరు మీద బలహీనతల వ్యాపారం చేయడం ఏ ప్రభుత్వానికైనా సులువైన దారి.

2006లో ఆ ఊరి కాసినోల ఆదాయం 520 కోట్ల డాలర్లు. అదే సంవత్సరం పక్కనున్న పెన్సిల్వేనియాలో కాసినోలు మొదలయ్యాయి. 2014 వచ్చేసరికి ఆదాయం దాదాపు సగానికి పడిపోయింది. ఆ ఒక్క ఏడాదిలోనే నాలుగు కాసినోలు మూతపడి సుమారు 8,000 మంది పని పోగొట్టుకున్నారు. పత్రికలు దీన్ని పెట్టుబడిదారుల కథగా రాశాయి. ఎవరి బాండ్లు మునిగాయి, ట్రంప్ పేరున్న మేడలు ఎవరి చేతికి పోయాయి అని. పక్కలు పరిచిన వాళ్ళూ, గ్లాసులు అందించిన వాళ్ళూ ఆ కథలో ఒక అంకె మాత్రమే.

ఆ పనులు ఎలాంటివో చూద్దాం. బొర్గాటా కాసినోలో పానీయాలు అందించే స్త్రీలను 'బేబ్స్' అని పిలిచారు. ఉద్యోగంలో చేరినప్పటి బరువు కంటే 7 శాతం మించి పెరగకూడదని షరతు పెట్టారు. 22 మంది కోర్టుకెక్కారు. ఆ షరతులు తెలిసే ఒప్పుకున్నారు కదా అని 2013లో కింది కోర్టు కేసు కొట్టేసింది. 2015లో పైకోర్టు బరువు నియమాన్ని తప్పుపట్టలేదు గానీ, దాన్ని అమలుచేసిన తీరులో వేధింపు ఉందన్న 11 మంది వాదన వినాలంది. 'ఒప్పుకున్నారు కదా' అనే మాట మనం ఎన్ని చోట్ల వినలేదు! ఇక పొగ సంగతి. 2006లో రాష్ట్రమంతటా పనిచేసే చోట్ల పొగతాగడాన్ని నిషేధించిన చట్టమే కాసినోల జూదపు గదులకు మినహాయింపు ఇచ్చింది. పద్దెనిమిదేళ్ళు ఆ పొగ పీల్చాక, 2024లో కార్మికులు కోర్టుకు వెళ్ళారు.

తాజ్‌మహల్ కాసినో సంగతి మరీ బాధాకరం. దివాళా కోర్టు 2014లో యూనియన్ ఒప్పందాన్ని రద్దు చేయనిచ్చింది. ఆరోగ్య బీమా, పింఛను పోయాయి. వాటి కోసం 2016 జూలై 1న సమ్మె మొదలైంది. వంటవాళ్ళు, గదులు శుభ్రం చేసేవాళ్ళు వంద రోజులకు పైగా ఆ చెక్కబాట మీద నిలబడ్డారు. యజమాని కార్ల్ ఐకాన్ బీమా ఇవ్వడానికి బదులు అక్టోబరు 10న కాసినోనే మూసేశాడు. సమ్మెవల్లే ఉద్యోగాలు పోయాయని నాతో అన్నవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. జబ్బు చేస్తే మందు కొనలేని ఉద్యోగాన్ని కాపాడుకోమని చెప్పడం ఏ న్యాయం?

ఇప్పుడు మళ్ళీ భవిష్యత్తు గురించి చర్చ. ఆ తాజ్‌మహల్‌ను 2018లో హార్డ్ రాక్ పేరుతో తెరిచారు. ఇంటర్నెట్ జూదం 2024లో సుమారు 240 కోట్ల డాలర్లు తెచ్చింది. కానీ ఫోన్లో ఆడే జూదానికి పక్కలు పరిచే పని అక్కర్లేదు. 2025 డిసెంబరులో న్యూయార్క్ నగరంలోనే మూడు పెద్ద కాసినోలకు అనుమతులొచ్చాయి. బస్సెక్కి ఇంత దూరం రావలసిన అవసరం అక్కడి వాళ్ళకు ఇక తగ్గుతుంది.

2016లో రాష్ట్రం ఊరి పాలనాధికారాలను చాలావరకు తన చేతుల్లోకి తీసుకుంది. ఎన్నికైన కౌన్సిల్‌కే మాట లేనప్పుడు గదులు తుడిచే స్త్రీని ఎవరడుగుతారు? అయినా అడగాలంటాను. ఏ కొత్త పథకం తెచ్చినా, ఏ పన్ను రాయితీ ఇచ్చినా, ఆరోగ్య బీమా హామీ లేకుండా సంతకం పడకూడదు. ఆ సంతకానికి ముందు యూనియన్ స్త్రీలు ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. యజమాని తలుపులు మూసి వెళ్ళిపోతే నష్టపరిహారం ఎంతో ముందే రాసి ఉండాలి. కాసినోలు పోతే పోనివ్వండి అని నీతి చెప్పే మనలాంటి వాళ్ళం కూడా, ఆ తర్వాత ఆ వేల మంది ఏ పని చేయాలో చెప్పగలగాలి. సారా దుకాణాలు మూయించిన స్త్రీలకు ఈ ఇబ్బంది లేదు. ఆ దుకాణాల్లో జీతానికి పనిచేసింది వాళ్ళు కాదు.

బస్సు స్టాపులో బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చిన ఒకామె కలిసింది. నా వచ్చీరాని హిందీ, ఆమె వచ్చీరాని హిందీ. రెండు కాసినోలు మూతపడ్డాక ఇప్పుడు మూడో దాంట్లో గదులు సర్దుతోంది. నడుము నొప్పి. ఇదీ పోతే ఏం చేస్తావని అడిగాను. "నాలుగోది ఉంటే అక్కడ" అంది. చేతిలో రెండు ఖాళీ సంచులున్నాయి. కోట్ల డాలర్లు చేతులు మారే ఆ ఊళ్ళో పెద్ద సరుకుల అంగడి ఒక్కటీ లేదు. 2021లో ఒకదానికి శంకుస్థాపన చేశారు గానీ కట్టలేదు. కూరగాయల కోసం ఆమె పక్క ఊరి బస్సెక్కింది.